ప్రెషర్ ఎంత అని కాదండి, గొట్టం ఎటు చూస్తోందో అది అడగండి

రిమోట్ యుద్ధనౌక బొమ్మల పోటీకి గాలి ఫిరంగి చేసుకుంటున్నారు, 150 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చాలుద్దా ఇంకా పెంచాలా అని అడిగారు కదా. తెలియనివాళ్లకి, ఈ ఆటలో బొమ్మ ఓడలు గ్యాసు జోరుతో స్టీలు బాల్స్ కొట్టి, ఒకదానికొకటి చిల్లులు పెట్టి ముంచుకుంటాయి. చాలుద్దండి. అమెరికాలో ఈ ఆట ఆడేవాళ్లు కూడా రెగ్యులేటర్ (కార్బన్ డయాక్సైడ్ సీసాలోంచి వచ్చే గ్యాసు ప్రెషర్ని తగ్గించే బిళ్ల) దాటాక ఆ చుట్టుపక్కలే పెట్టుకుంటారు. పీఎస్ఐ పిచ్చి నాకూ ఉండేది, పోయిన సంక్రాంతికి మా బావ దాన్ని చెరువులో ముంచేశాడు.

భీమవరం అవతల, పట్టుబడి అయిపోయి నడుంలోతు నీళ్లు మిగిలిన చేపల చెరువు. నాది ఐఎన్ఎస్ ఢిల్లీ బొమ్మ. 1939లో దక్షిణ అమెరికాలో ప్లేట్ నది దగ్గర జర్మనోళ్ల యుద్ధనౌక గ్రాఫ్ స్పీతో తలపడిన అకిలీస్ అనే ఓడే అసలు ఢిల్లీ, 1948లో మనోళ్లు తీసుకుని పేరు మార్చారు. 1:144 స్కేల్లో నా బొమ్మ నాలుగడుగులకి కాస్త తక్కువ. బావది యమాటో, జపానోళ్ల పెద్ద యుద్ధనౌక బొమ్మ, ఆరడుగులు, నీళ్ల మీద మొసలి పడుకున్నట్టుంటది. నేను ముందురోజు రాత్రే రెగ్యులేటర్ తిప్పి తిప్పి పెంచేసి ఉన్నా. మొదటి దెబ్బకే స్టీలు బాల్ యమాటో డెక్కు మీదుగా పోయి అవతలి గట్టున ఆపేసిన ఏరియేటర్ (చెరువు నీళ్లకి గాలి కలిపే మిషను) రెక్కకి టంగుమని తగిలింది. గట్టు మీద జనం చప్పట్లు. నాకేమో ఛాతీ ఉబ్బిపోయింది. ఆ తర్వాత యమాటోకి తగిలిన నాలుగూ నీటి మట్టానికి పైన తగిలినవే, చిల్లులున్నాయి గానీ చుక్క నీరు లోపలికి పోలేదు.

బావ తొందరపడలేదు, వెటకారంగా నవ్వుకుంటూ రెండడుగుల దూరంలోకి వచ్చాడు. అతని గొట్టాలు కిందకి వంచి ఉన్నాయి, మూతి నీటికి మూడంగుళాల ఎత్తులో ఉన్నా బాల్ సరిగ్గా నా నీటి గీత కింద దూరుతోంది. నీళ్లలో దిగగానే బాల్ జోరు చచ్చిపోద్ది కాబట్టి అంత దగ్గరికి రావాల్సిందే. తప్పించుకుందామని నేను ఓడని ఒక్కసారిగా పక్కకి తిప్పా, ఓడ ఒరిగింది, సీసాలో గ్యాసు ద్రవంగానే రెగ్యులేటర్లోకి పోయింది, అది ఐస్‌ఫ్రూట్ లాగా తెల్లగా పట్టేసి వాల్వు బిగుసుకుని మొత్తం బాల్సన్నీ బుస్సుమని ఒకేసారి కక్కేసింది. లోపలికొచ్చిన నీళ్లు తోడే పంపు నోట్లో నాచు. రెండు నిమిషాల్లో ఓడ లేదు, తాడు కట్టిన థర్మోకోల్ ముక్క ఒక్కటే పైకి తేలింది. తొడల దాకా బురదలో దిగి నేను వెతుకుతుంటే కాపలా తాత "ఏం బాబూ, రొయ్యలా?" అని అడిగాడు, అదీ నా బతుకు.

ఇంటికెళ్లి విప్పి చూస్తే కదా తెలిసింది, ఫిరంగి వెనకాల గాలి నిలిచే చిన్న డబ్బా ఉండాలి, వాల్వు తెరుచుకోగానే ఆ గాలే బాల్ని తోస్తది, సీసా నుంచి సన్న పైపులో వచ్చేది కాదు. నా డబ్బా మరీ చిన్నది, పైపేమో స్ట్రా లాగా, అందుకే వరసగా కొడితే రెండో దెబ్బకి దమ్ము ఉండేది కాదు, నేనేమో ప్రెషర్ తక్కువైందనుకునేవాణ్ణి. ఇంక ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు వాషరు. ప్రెషర్ నిండేదాకా బాల్ని పట్టి ఉంచేది అదే. గట్టిదైతే బాల్ కదలదు, వదులైతే కోడి రెట్ట వేసినట్టు మూతిలోంచి టపటపా రాలిపోతాయి. సరైన సైజు కోసం పంప్‌సెట్ల షాపుకి తొమ్మిదిసార్లు తిరిగా, పదోసారి ఆయన "మోటారు ఎన్ని హెచ్‌పీ అండి" అని మళ్లీ అడిగేసరికి ఫిరంగి అని చెప్పేశా, అప్పట్నుంచి నన్ను అదోలా చూస్తాడు.

ఓడ చర్మానికి, అంటే బాల్స్ దూరే పల్చటి పక్క గోడలకి, బాల్సా అనే తేలిక కర్ర ఆర్డర్ పెడితే మూడుసార్లూ విరిగే వచ్చింది. పెళ్లి బాసికాల జీలుగు బెండు వాడి చూశా, తడిసి ఉబ్బి అట్టముక్కలా అయ్యింది, వాడకండి.

ఒక్కటి మాత్రం వినండి. అమెరికావాళ్ల లెక్కలు వాళ్ల వాతావరణానివి. కార్బన్ డయాక్సైడ్ సీసాలో 21 డిగ్రీల దగ్గరే సుమారు 850 పీఎస్ఐ ఉంటది, 31 దాటితే ఇంక అందులో ద్రవమనేదే ఉండదు. మన మే నెల ఎండలో గట్టు మీద వదిలేసి మజ్జిగ తాగడానికి పోతే ఎంతకి ఎక్కుద్దో ఆలోచించండి. నేను తడి గోనె కప్పి కొబ్బరిచెట్టు నీడన పెడతా, నిండా కొట్టించను. గట్టు మీదకొచ్చే పిల్లలక్కూడా కళ్లద్దాలు పెట్టిస్తా, లేదంటే ఆట లేదు.

ఈసారి గొట్టాలు వంచా, సీసా నిలువుగా బిగించా. బావకి ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి, అతను ఇవన్నీ చదువుతుంటాడు.