వైజాగ్‌లో ఉంటూనే తెర మీదికి రావచ్చా?

మీరు గాజువాకలో మెడికల్ షాపులో పని చేస్తున్నారు, సినిమావాళ్లెవరూ తెలియదు, మన యాసలో రీల్స్ చేస్తున్నారు. ఉద్యోగం మానేసి హైదరాబాద్ కృష్ణానగర్ వెళ్లాలా, లేక ‘చివర్లో సినిమాలో వేషం గ్యారంటీ’ అంటున్న కోర్సుకు డబ్బు కట్టాలా అని అడిగారు. ఇప్పట్లో రెండూ వద్దనే నా మాట. వైజాగ్ వచ్చే షూటింగ్ యూనిట్లకు లొకేషన్లు చూపించడం, చిన్న వేషాలకు మనుషుల్ని వెతికిపెట్టడం నా పని. ఏళ్ల తరబడి దీని మీదే బతుకుతున్నాను కాబట్టి చూసిందే చెబుతాను.

మన ఊళ్లో ఈ ప్రశ్న వేసే ప్రతి ఒక్కరూ ‘కేరాఫ్ కంచరపాలెం’ పేరెత్తుతారు. ఎత్తాలి కూడా. 2018లో వచ్చిన ఆ సినిమాకు దర్శకుడు వెంకటేష్ మహా చాలావరకు ఆ పేట మనుషుల్నే తీసుకున్నారు. అంతకుముందు కెమెరా ముందు నిలబడని వాళ్లే ఎక్కువ. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు, సలీమా వేషం కూడా ఆవిడే వేశారు. జోసెఫ్‌గా చేసిన కార్తీక్ రత్నం 2021లో ‘నారప్ప’లో వెంకటేశ్ పెద్దకొడుకుగా కనిపించాడు. అంతకుముందు సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాస వినిపిస్తే అది ఎక్కువగా నవ్వించడానికే. ఆ సినిమాలో అదే యాసలో ప్రేమించుకున్నారు, ఏడ్చారు, జనం కూడా వాళ్లతో ఏడ్చారు. నాకు దానికంటే గర్వమనిపించిన సంగతి మరొకటి లేదు. కాకపోతే అలాంటి సినిమా మన పేటకు మళ్లీ ఎప్పుడొస్తుందో లెక్కేసుకుని కూర్చోలేం. వచ్చినప్పుడు కళ్లబడేలా ఉండటమే మన చేతిలో ఉంది.

కళ్లబడటమంటే ఏమిటో జాలరిపేటలో చూశాను. ఒక యూనిట్‌కు చేపలమ్మే మనిషి వేషం కావాలి, రెండు ముక్కల డైలాగు. శిక్షణ తీసుకున్న ఒక అమ్మాయిని పిలిపించాను. డైలాగు చక్కగా చెప్పింది కానీ కత్తిపీట ముందు కూర్చోగానే భయం మొహంలోకి వచ్చేసింది. చేప చేతిలోంచి జారిపోతోంది. గంపలు అద్దెకిచ్చిన ఆవిడ పక్కనే నిలబడి చూస్తోంది. ఇక ఉండబట్టలేక, ‘అలక్కాదమ్మా, లెగు’ అని తనే కూర్చుంది. పాదంతో పీట నొక్కిపట్టి చేపను తిప్పుతూ మొప్పలు తీసేస్తోంది. ఒక్కసారి కూడా చేతివైపు చూడలేదు. చూపంతా ఎదురుగా బేరమాడుతున్న ఆర్టిస్టు మీదే. అతను డైలాగు చెబితే ఆవిడ నిజంగానే బేరానికి దిగింది. దర్శకుడు రాసుకున్న లైను తీసేసి ఆవిడ మాటే ఉంచేశారు. ఆ సినిమా వచ్చాక హార్బర్‌లో ఆవిడతో సెల్ఫీలు దిగేవాళ్లు మొదలయ్యారు, తర్వాత ఇంకొన్ని వేషాలూ వచ్చాయి. ఆ అమ్మాయి కూడా గట్టిది. ఆ సాయంత్రమే ఆవిడ పక్కన కూర్చుని చేప కొయ్యడం నేర్చుకుంది. ఇప్పటికీ ఏ యూనిట్ వచ్చినా ముందు ఆ అమ్మాయి పేరే చెబుతాను.

యూనిట్లు నాకు ఫోన్ చేసి అందగాడు కావాలని అడగడం తక్కువ. ‘కరెంటాఫీసు గుమాస్తాలా ఉండాలి’, ‘ఆటో తోలడం రావాలి’ అంటారు. మీరు రోజూ డాక్టరు చేతిరాత చదువుతారు, షీటులోంచి నాలుగు మాత్రలు కత్తిరించి కవర్లో వేస్తూ ‘తిన్నాక వేసుకోండి’ అంటారు. కౌంటరు ముందు నిలబడ్డ వాళ్ల గాభరా మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మీ రీల్స్‌లో అదెక్కడా కనబడలేదు, పాటలకు పెదవులు కదపడమే కనబడింది. ఆ కౌంటరు కబుర్లు తియ్యండి.

వయసు మించిపోతోందని టెన్షన్ పడకండి. విజయనగరం నాటకాల్లో ఏళ్ల తరబడి నలిగిన జె.వి. సోమయాజులు గారు 1980లో ‘శంకరాభరణం’ వచ్చేనాటికి యాభై దాటిన డిప్యూటీ కలెక్టరు. గొల్లపూడి మారుతీరావు గారు పత్రికల్లో, రేడియోలో పని చేసి, సినిమాలకు రాసి, నటుడిగా పేరు తెచ్చుకున్నది 1982లో, నలభై దాటాక. ఇక యూట్యూబ్ సంగతి మీకు తెలిసిందే. మన వైజాగ్ కుర్రాడు షణ్ముఖ్ జస్వంత్ 2020లో చేసిన వెబ్ సిరీస్‌లో జంటగా నటించిన వైష్ణవి చైతన్య, 2023లో ‘బేబీ’ హీరోయిన్. పొలం పనులు చేసుకునే గంగవ్వ, అల్లుడు తీసిన వీడియోలతోనే 2020లో బిగ్ బాస్ ఇంటిదాకా వెళ్లింది. రియాలిటీ షో పేరు మాత్రం తొందరగా వస్తుంది, అంతే తొందరగా చల్లారుతుంది. బయటికొచ్చాక చేతిలో పని ఉన్నవాళ్లే నిలబడటం చూశాను.

శిక్షణ దండగ అనడం లేదు. పవన్ కళ్యాణ్, ప్రభాస్ లాంటివాళ్లు మన ఊళ్లోనే సత్యానంద్ గారి దగ్గర నటన నేర్చుకున్నారు. ఆంధ్ర యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. నేర్పడానికి ఫీజు తీసుకోవడం న్యాయమే. వేషం ఇప్పిస్తామని తీసుకునేది మాత్రం మోసం. రిజిస్ట్రేషన్, పోర్ట్‌ఫోలియో, ఆర్టిస్టు కార్డు, ఏ పేరుతో అడిగినా ఒక్క రూపాయి ఇవ్వకండి. తల్లి తాకట్టు పెట్టిన గొలుసు డబ్బు అలా పోగొట్టుకుని నా దగ్గరికొచ్చి ఏడ్చిన పిల్లలున్నారు. వేషం వేస్తే డబ్బు వాళ్లు మీకివ్వాలి. షూటింగ్‌కు ముందే ఎంతో, ఏ రోజు ఇస్తారో అడగండి. అడిగితే వేషం పోతుందని భయపెట్టేవాడి దగ్గర పని చెయ్యకపోవడమే మేలు.

యూనిట్లకు పంపడానికి ఫిల్టర్లు లేని ఫొటోలు, మామూలుగా మాట్లాడుతున్న చిన్న వీడియో చాలు. ఎత్తు, వచ్చిన భాషలు, ఈత, బండి నడపడం లాంటివి కింద రాయండి. షాపు సెలవు రోజున కళాభారతి ఆడిటోరియంలో నాటకం ఉంటే తెర లేవకముందే వెళ్లి ఆ నాటక సమాజం వాళ్లను కలవండి. వేషం అడగకండి, రిహార్సల్స్‌లో ప్రాంప్టింగ్, అంటే నటులు మరిచిపోయిన డైలాగు పక్కనుంచి అందించే పని, చేస్తానని అడగండి. వాళ్లకు ఆ మనిషి ఎప్పుడూ తక్కువే, కాబట్టి రమ్మంటారు.