టచ్‌లైన్ పక్కన నలభై ఒక్క ఏళ్లు

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. నేను విశాఖపట్నం మల్కాపురం వాస్తవ్యుణ్ణి, పోర్టులో పని చేసి రిటైరయ్యాను. మా పేటలో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. 1984లో, నేను ఉద్యోగంలో చేరిన ఏడాది, తోటి కలాసీ ఒకరు తీసుకువెళితే దాని ఆట మొదటిసారి చూశాను. అప్పటినుంచి ఊళ్లో ఉండి మానేసిన మ్యాచ్‌లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఈ నలభై ఒక్క ఏళ్లలో క్లబ్బు గెలిచిన కప్పులు రెండే. 2014లో హుద్‌హుద్ తుపానుకు గోల్‌పోస్టులు పడిపోతే పిల్లలతో కలిసి మళ్లీ పాతాను. ప్రతి ఆట సంగతీ నోటు పుస్తకాల్లో రాస్తూ వచ్చాను. ఇప్పటికి పదకొండు పుస్తకాలయ్యాయి. ఒక పుట నకలు పంపుతున్నాను. మా అబ్బాయి, "నాన్నా, టీవీ పెడితే ప్రపంచంలోని గొప్ప ఆటంతా ఇంట్లోనే కనబడుతుంటే, ఎండలో నిలబడి ఓడిపోయేవాళ్లను చూడటం దేనికి?" అంటాడు. 1996లో ఫైనల్ చూసి, ముహూర్తం దాటాక తన తమ్ముడి పెళ్లికి వెళ్లానని మా ఆవిడకు ఇప్పటికీ కోపమే. ఇప్పుడు ప్రాక్టీసుకు పదిమంది పిల్లలు కూడా రావడం లేదు. మైదానం ఎంతకాలం ఉంటుందో తెలియదు. నాది వట్టి వ్యామోహమేనా? నా తరువాత ఆ పుస్తకాలు ఎవరికి?
— ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: మీరు పంపిన పుట వారం రోజులుగా నా బల్ల మీదే ఉంది. 1993 ఆగస్టులో ఒక ఆదివారం నాటి ఆట అది. "వాన. 0–4. రెండో సగంలో బంతి బురదలో ఆగిపోతోంది. గోలీకి జ్వరం, అయినా వచ్చాడు. బంతి కుట్టు ఊడింది, పాత పోస్టాఫీసు దగ్గర కుట్టించాను, ఐదు రూపాయలు" అని రాశారు. కప్పు గెలిచిన రోజున జట్టు గురించి నాలుగు మాటలు రాసేవారు ఎక్కడైనా దొరుకుతారు. నాలుగు గోల్స్ తేడాతో ఓడిన రోజున గోల్‌కీపరుకు జ్వరంగా ఉందన్న సంగతి మిగలాలంటే, ఆ వానలో తడుస్తూ ఆ సున్నపు గీత పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి. ఆ మనిషి మీరైనప్పుడు, దీన్ని వ్యామోహమనడానికి నాకు నోరు రావడం లేదు.

మీ అబ్బాయి మాటలో నిజం లేకపోలేదు. టీవీలో కనబడే ఆట మీ పేట ఆటకంటే ఎన్నో రెట్లు మెరుగైనదే. అయితే ఆయన ఆట నాణ్యతను తూచి చూస్తున్నారు, మీరు మాట్లాడుతున్నది మనుషుల సంగతి. అరవై వేలమంది పట్టే స్టేడియానికి ఒకరు రాకపోతే ఎవరికీ తెలియదు. మీరు ఒక ఆదివారం కనబడకపోతే, త్రో వేయడానికి గీత దగ్గరకు వచ్చిన కుర్రవాడు పక్కవాణ్ణి మీ గురించి అడిగి తీరుతాడు.

ఫుట్‌బాల్ మన ఆట కాదని కొందరు అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే పేరున్న పోటీ రోవర్స్ కప్పును వరుసగా అయిదుసార్లు గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టు స్వర్ణం గెలిచినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినా, శిక్షకుడు ఆయనే. అంతటి జట్టు గురించి కూడా ఇవాళ మనం చెప్పుకునేవి ఎక్కువగా ఫైనళ్ల ఫలితాలే. ఏ వానలో ఎవరు ఎలా ఆడారో పుట పుటా రాసిపెట్టిన పుస్తకం ఒకటి ఆ రోజులది చేతికి దొరికితే ఎంత అపురూపంగా చూసుకునేవాళ్లమో ఆలోచించండి.

ఇక క్లబ్బు ఉంటుందా పోతుందా అన్న మీ దిగులు విషయం. ఇంగ్లండులో వింబుల్డన్ అనే చిన్న క్లబ్బు 1988లో లివర్‌పూల్‌ను 1–0తో ఓడించి, ఆ దేశపు పెద్ద నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్పు గెలిచింది. 2002లో ఆ క్లబ్బును లండన్ నుంచి మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి దొరికింది. అభిమానులు ఆ వేసవిలోనే తమ సొంత క్లబ్బు పెట్టుకుని, ఊరుమ్మడి మైదానంలో ఆటగాళ్లను ఎంపిక చేసుకుని, ఇంగ్లండు పోటీల్లో పైనుంచి తొమ్మిదో అంచెలో మొదలుపెట్టి 2011 నాటికి పై నాలుగు అంచెల ఫుట్‌బాల్ లీగులోకి తిరిగి వచ్చారు. 1991లో విడిచిపెట్టిన పాత మైదానానికి కూతవేటు దూరంలో కొత్త స్టేడియం కట్టుకున్నారు. 2020 నవంబరులో అక్కడ మొదటి ఆట జరిగినప్పుడు కోవిడ్ ఆంక్షల వల్ల ప్రేక్షకులను లోపలికి రానివ్వలేదు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసినవారికి ఆ సాయంత్రం ఎలా గడిచిందో ఊహిస్తేనే నా గుండె బరువెక్కుతుంది.

యూనియన్ బెర్లిన్ కథ మీకు ఇంకా దగ్గరది. ఆ క్లబ్బు జర్మనీలో మూడో శ్రేణిలో ఉండగా, 2008–09లో, రెండు వేలకు పైగా అభిమానులు దాదాపు 1,40,000 గంటలు జీతం లేకుండా పనిచేసి తమ స్టేడియాన్ని పునర్నిర్మించారు. పదేళ్ల తరువాత, 2019లో, ఆ క్లబ్బు అగ్రశ్రేణికి చేరింది. మీ క్లబ్బుకు అలాంటి రోజు వస్తుందని నేను మాట ఇవ్వను. కాని హుద్‌హుద్ తరువాత కరెంటు లేని ఊళ్లో, కూలిన చెట్ల మధ్య, మీరు పిల్లలతో కలిసి గోల్‌పోస్టులు పాతిన పనికీ ఆ బెర్లినువాళ్ల పనికీ నాకు తేడా కనబడదు.

ఒక్క విషయంలో మాత్రం మీ ఇంటావిడ పక్షమే నాది. ఆమె తమ్ముడి పెళ్లి మళ్లీ జరగదు. మీ భక్తి ఎంత నిజమైనదైనా, ఆ రోజు ఆమె పుట్టింటివారి ముందు మీకోసం ఎదురుచూస్తూ నిలబడిన బాధ కూడా అంతే నిజం. ముప్పై ఏళ్లు కావస్తున్నా ఆ మాట ఆమె మరచిపోలేదంటే, మీరు ఇంకా సరిగా క్షమాపణ చెప్పలేదని అర్థం. ఈ ఉత్తరం పంపినంత శ్రద్ధగా ఆ పనీ చేయండి.

పుస్తకాల సంగతి. ముందుగా పదకొండింటినీ పుట పుటా ఫోటోలు తీయించండి. అది మీ అబ్బాయికి అప్పగించండి, చదువుతూ చదువుతూ ఆయనకే కొన్ని జవాబులు దొరకవచ్చు. మీ క్లబ్బు ఇంతవరకు రిజిస్టరు కాకపోతే, ఏడుగురు పెద్దలు కలిసి నియమావళి రాసుకుని ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించవచ్చు. మైదానం కోసం అధికారుల దగ్గరకు వెళ్లేటప్పుడు క్లబ్బుకు ఒక పేరూ చిరునామా కాగితం మీద ఉండటం అవసరం. ఇక్కడ నలభై ఒక్క ఏళ్లుగా ఆట జరుగుతూ వచ్చిందని చూపడానికి మీ పుస్తకాలు పనికివస్తాయి.

పన్నెండో పుస్తకం మాత్రం మీరు మొదలుపెట్టకండి. వచ్చే ఆదివారం, జట్టులో చోటు దొరకక గీత బయట కూర్చున్న పిల్లవాడికి ఆ పుస్తకమూ పెన్నూ ఇచ్చి, మొదటి సగం అయ్యేదాకా పక్కన నిలబడండి. మీ పద్ధతి ప్రకారమే, స్కోరుకంటే ముందు ఆ రోజు ఎండో వానో రాయమనండి.