అన్నం మానారు, పట్టు మానలేదు

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. ఏడేళ్లుగా షుగరు. భస్మ బుధవారం (ఈస్టరు ముందు శ్రమకాలం మొదలయ్యే రోజు) నుంచి రోజూ, ఆదివారాలతో సహా, సాయంత్రం దాకా ఏమీ ముట్టరు. మాత్ర మాత్రం పొద్దున్నే వేసుకుంటారు. మొన్న ఉపవాస కూడికలో చెమటలు పట్టి పడిపోయారు. సంఘానికిచ్చే దశమభాగం పోను నెలకు ఇంకో 10,000 కానుక ఇస్తూ, మామయ్యగారి మందులకు పంపే 3,000 ఆపేశారు. పడక కూడా వేరు చేశారు. అడిగితే "నన్ను నేను ఉపేక్షించుకుంటున్నా, అడ్డు రాకు" అంటారు. నేను ఎదురు చెబితే దేవునికి ఎదురు చెప్పినట్టేనా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: కాదమ్మా. అయితే వాక్యం సంగతి తర్వాత, పడిపోయిన సంగతి ముందు.

గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు కడుపు ఖాళీగా ఉన్నా షుగరును దించుతూనే ఉంటాయి. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల పంచదార, అంటే మూడు నాలుగు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకుండా 108కి ఫోన్ చేయండి. కూడికలో అందరూ చుట్టూ చేరి ప్రార్థన మొదలుపెడితే విలువైన ఆ నిమిషాలు పోతాయి, అందుకని పంచదార పొట్లం మీ సంచిలోనే ఉండాలి. ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఉపవాసం కుదురుతుందో లేదో, మాత్ర మార్చాలో ఆయన చెప్పాలి. మీ అంతట మీరు మాత్ర ఆపకండి.

ఇక 'ఉపేక్షించుకొని' అన్న మాట. నన్ను వెంబడించేవాడు తన్ను తాను ఉపేక్షించుకోవాలని యేసు మత్తయి 16:24లో అన్నాడు. ఆ చోట ఉన్న గ్రీకు క్రియే, శిష్యుడు పేతురు తనను ముమ్మారు ఎరుగనంటాడని యేసు చెప్పిన చోటా ఉంది. "ఆ మనుష్యుని నేనెరుగను" అని పేతురు అన్నట్టు, 'నా మాటే చెల్లాలి' అనే మనిషిని నేనెరగనని మనకు మనం చెప్పుకోవాలి. మీ వారు అన్నాన్ని, తండ్రిని, మిమ్మల్ని ఎరగనంటున్నారు. ఇంట్లో ఎవర్నీ అడక్కుండా తీర్మానించే ఆ పెద్దమనిషి మాత్రం కుర్చీ దిగలేదు.

తండ్రి మందుల డబ్బు కానుకలోకి వెళ్లడం గురించి మార్కు 7లో యేసే మాట్లాడాడు. దేవార్పితం, 'కొర్బాను' అని చెప్పి తల్లిదండ్రులకు ఎగ్గొట్టేవాళ్లను గట్టిగా మందలించాడు. పడక విషయంలో 1 కొరింథీ 7:5 అడిగేది ఉభయుల సమ్మతి, అదీ కొంతకాలమే. మీ సమ్మతి ఎవరూ అడగలేదు కదా.

ఈ వచనాలన్నీ ఒకేసారి ఆయన మీద గుమ్మరించకండి, వాదన పెరుగుతుంది. ఆకలితో ఉన్న సాయంత్రం అసలు కదపొద్దు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. సంఘాలు ఆదివారాన్ని ఉపవాసదినంగా లెక్కపెట్టకపోవడానికి కారణం అది పునరుత్థాన దినం కావడమే. ఆ లెక్క చెప్పి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టండి. తిన్నాక ఒక్కటే అడగండి: "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామండీ, నాకు భయంగా ఉంది." డబ్బు, పడక సంగతులు మరో వారానికి ఉంచండి.

ఒప్పుకోకపోతే వారం రోజుల షుగరు రీడింగులు నోటు పుస్తకంలో రాసి పాస్టరుగారికి చూపించండి. భక్తి మీద ఫిర్యాదులా కాకుండా అంకెలతో వెళ్లండి. పాస్టరుగారే ఉపవాసాన్ని ప్రోత్సహిస్తుంటే ఆయన్నీ డాక్టరు గదిలోకి రమ్మనండి.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో యేసు కూడా "ఈ గిన్నె (ఈ శ్రమ) తొలగించు" అని అడిగాకే "నీ చిత్తమే" అన్నాడు. కాబట్టి అడిగినందుకు మీకు అపరాధభావం అక్కర్లేదు. శ్రమకాలంలో ఏదో ఒకటి చేయాలని మీ వారి మనసు లాగుతుంటే, ప్రతి నెలా మామయ్యగారి మందులు తన చేత్తోనే కొని, వెళ్లి, ఒక పూట ఆయన దగ్గర కూర్చుని రమ్మనండి.