చవక ప్రాసెసర్ బాగుందని షేరు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొత్త కంప్యూటర్‌కు వేసుకున్న చవక రైజెన్ ప్రాసెసర్ అద్భుతంగా ఉంది కాబట్టి దాన్ని తెచ్చిన ఏఎండీ కంపెనీ షేర్లు కొంటానని రాశావు. అది కాకపోతే పీఈ (షేరు ధర ఒక్కో షేరు ఆర్జనకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) తక్కువగా ఉన్న చిప్ కంపెనీ ఏదో ఒకటి చూసుకుంటానన్నావు. ప్రాసెసర్ ఎంపికలో తప్పు పట్టను. షేరు కొనడానికి చెప్పిన రెండు కారణాలూ మాత్రం నిలబడవు.

2017 మొదట్లో ఏఎండీ పోటీదారు ఇంటెల్ అమ్మిన ఐ3-7100 ప్రాసెసర్ ధర 117 డాలర్లు, కోర్లు (లెక్కలు చేసే భాగాలు) రెండు. ఆ మార్చిలో రైజెన్ వచ్చింది. జులైలో నాలుగు కోర్ల రైజెన్ 3 1200ను ఏఎండీ 109 డాలర్లకే అమ్మకానికి పెట్టింది. అక్టోబరుకల్లా ఇంటెల్ ఐ3-8100ను దించింది. ధర అదే 117, కోర్లు నాలుగు. కొనేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అమ్మేవాళ్ల వైపు నుంచి చూడు. అంతే డబ్బుకు ఎక్కువ సరుకు ఇవ్వాల్సి వచ్చింది. పోటీ తెచ్చిన మేలు ముందు చేరేది నీలాంటి కొనుగోలుదారుకే. వాటాదారుకు ఎంత మిగిలిందో వేరే చూడాలి.

ఆ లెక్క వేఫర్ దగ్గర మొదలవుతుంది. వేఫరంటే 300 మిల్లీమీటర్ల సిలికాన్ బిళ్ల, దాని మీద పట్టే చిప్పులకు ఒక పరిమితి ఉంది. పైగా చవక ప్రాసెసర్ తరచూ ఖరీదైనదానికి తోబుట్టువే. రైజెన్ 3 1200 అంటే ఎనిమిది కోర్ల డైలో (వేఫర్ నుంచి కోసిన చిప్ ముక్కలో) సగం మూసేసి అమ్మినది. లోపమున్న డైని పారేయకుండా అలా అమ్ముకుంటే వచ్చినంత లాభమే. తయారీ కుదురుకుని లోపాలు తగ్గాక మాత్రం బంగారం లాంటి డైలో కోర్లు మూసి, దాన్ని తక్కువకు ఇచ్చుకోవాలి. ఏ కంపెనీకి అది ఇష్టం?

2020 మేలో వచ్చిన రైజెన్ 3 3300ఎక్స్ సంగతి అదే. 120 డాలర్లకు అంత మంచి ప్రాసెసర్ అరుదు, అంగట్లో దొరకడం ఇంకా అరుదు. అందులోని డై రకాన్నే ఏఎండీ ఎపిక్ సర్వర్ ప్రాసెసర్లలోనూ వాడేవారు. వాటిలో పెద్దవి వేల డాలర్లకు పోతుంటే ఏఎండీకి చిప్పులు తయారుచేసిపెట్టే టీఎస్ఎంసీ ఇచ్చే వేఫర్లను ఎవరైనా ఎటు మళ్లిస్తారు? ఆ నవంబరులో వచ్చిన రైజెన్ 5000 వరుసలో అన్నిటికంటే చవకది 299 డాలర్లు. తక్కువ బడ్జెట్ వాళ్లు తిట్టుకున్నారు. ఏఎండీ గ్రాస్ మార్జిన్ (ఆదాయంలో సరుకు తయారీ ఖర్చు పోను మిగిలే వాటా) మాత్రం 2017లో 34 శాతం ఉన్నది 2021 నాటికి 48 శాతమైంది. ఇంటెల్ కూడా 2018లో 14 నానోమీటర్ల పద్ధతిలో చేసే చిప్పులకు కొరత వచ్చినప్పుడు సర్వర్లకు వాడే జియాన్‌కూ ఖరీదైన కోర్ చిప్పులకూ ముందు పీట వేసి, చవక రకాలను పక్కన పెట్టింది.

అంటే చవక ప్రాసెసర్ దొరక్కపోవడం వాటాదారుకు ఒక్కోసారి మంచి వార్త. కుప్పలుగా, తగ్గింపు ధరకు దొరుకుతుంటే అనుమానించాలి. 2023 మొదటి త్రైమాసికంలో ఏఎండీ పీసీ ప్రాసెసర్ల విభాగం ఆదాయం అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 65 శాతం పడిపోయి 73.9 కోట్ల డాలర్లకు దిగింది, నష్టం కూడా చూపింది. అమ్మకందార్ల దగ్గర పేరుకున్న నిల్వ కరగాలని కంపెనీయే సరఫరా తగ్గించుకుంది.

ఇక పీఈ. 2021 చివర ఇంటెల్ షేరు 51 డాలర్ల చిల్లర, ఆ ఏడాది ఒక్కో షేరుకు ఆర్జన 4.86. పీఈ పదిన్నర. చూడటానికి ఎంత చవక! మరుసటి ఏడాది వ్యాపారం నుంచి వచ్చిన నగదు సుమారు 1,540 కోట్ల డాలర్లు, కర్మాగారాలకూ యంత్రాలకూ పెట్టింది 2,480 కోట్లు. 2023లో డివిడెండ్ కోశారు, 2024లో ఆపేశారు, ఆ ఏడాది నష్టం దాదాపు 1,880 కోట్లు. చిప్ వ్యాపారంలో లాభాలు శిఖరాన ఉన్నప్పుడే పీఈ అందంగా కనిపిస్తుంది. ఏఎండీ విషయంలో దీనికి తిరగేసిన తికమక. జైలింక్స్ అనే చిప్ కంపెనీని కొన్నాక ఆ కొనుగోలు తాలూకు ఖర్చును ఏటా పద్దుల్లో కోసుకుంటూ రావడం వల్ల 2022లో షేరుకు ఆర్జన అకౌంటింగ్ నియమాల లెక్కలో 0.84 డాలర్లు, కంపెనీ సవరించి చూపిన లెక్కలో 3.50. ఏ అంకెతో భాగించావో తెలియకుండా పీఈ గురించి మాట్లాడకు. సవరించిన లెక్కలో ఉద్యోగులకిచ్చే షేర్ల ఖర్చును కూడా తీసేస్తారు, నేనైతే దాన్ని తిరిగి ఖర్చులో కలుపుతాను.

నీకు ఒక పని చెబుతాను. ధర నుంచి వెనక్కి లెక్కగట్టు. ఒక కంపెనీ మొత్తం విలువ 20,000 కోట్ల డాలర్లు అనుకో. ఏడాది లాభానికి ఇరవై రెట్లు ఇవ్వడం సబబనుకుంటే 1,000 కోట్ల లాభం కావాలి. ఆదాయంలో అయిదో వంతు లాభంగా మిగిలితే ఆదాయం 5,000 కోట్లు ఉండాలి. అదంతా వంద డాలర్ల ప్రాసెసర్లతో రావాలంటే ఏటా 50 కోట్లు అమ్మాలి. 2023లో ప్రపంచమంతా కలిపి అమ్ముడైన పీసీలు, ల్యాప్‌టాప్‌లు సహా, సుమారు 25 కోట్లు! కాబట్టి ఆ ధర డేటా సెంటర్ల మీద పెట్టుకున్న ఆశతో నిలబడింది. నీ డబ్బాలోని చిప్పు దానికి సాక్ష్యం కాదు.

త్రైమాసిక ఫలితాల్లో విభాగాలవారీ ఆదాయం, గ్రాస్ మార్జిన్, నిల్వల విలువ, షేర్ల సంఖ్య, ఈ నాలుగూ రెండు మూడేళ్లవి ఒక కాగితం మీద రాసుకో. షేర్ల సంఖ్యను తేలిగ్గా తీసుకోకు, జైలింక్స్ విలీనంతో ఏఎండీవి సుమారు 120 కోట్ల నుంచి 160 కోట్లకు పెరిగాయి. సర్వర్ల ఆదాయం ఎంత పెరిగితే నేటి ధర న్యాయమవుతుందో కింద రాసి నాకు పంపు. అంతవరకు కొనకు. కొన్నా, రెండేళ్లలో నీకు అవసరం పడే డబ్బు అందులో పెట్టకు.

ఇట్లు,
నీ మామయ్య