మడ్‌స్టోన్‌లోని మూలకాలను బట్టి అది ఎలాంటి నీటి అడుగున ఏర్పడిందో చెప్పగలమా?

చెప్పగలం, కానీ ఒక్క మూలకాన్ని చూసి కాదు. మడ్‌స్టోన్ అంటే బురద గట్టిపడి రాయిగా మారినది. ఆ మట్టి ఎలాంటి నేల నుంచి కొట్టుకొచ్చిందో, పేరుకున్నచోట నీళ్లు ఎలా ఉండేవో, ఈ రెండు సంగతులూ అందులో కలిసిపోయి ఉంటాయి.

మొదటిది తేలిక. హైదరాబాద్ గ్రానైట్ గుట్టల్లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వానకు మెల్లగా బంకమన్నుగా మారుతుంది. సోడియం, కాల్షియం కరిగిపోతాయి, అల్యూమినియం మిగులుతుంది. ఈ నష్టాన్ని కొలిచే సూచిక తాజా గ్రానైట్‌లో దాదాపు 50, బాగా మారిపోయిన తెల్ల బంకమన్నులో 100కి దగ్గర. ఎక్కువ విలువ వస్తే మట్టి వచ్చిన నేల మీద వేడి, తేమ బాగా ఉండేవని అనుకోవచ్చు.

రెండోదే అసలు ఆసక్తికరం. ఆక్సిజన్ ఉన్న సముద్రంలో మాలిబ్డినం అనే లోహం నీటిలోనే కరిగి ఉంటుంది. ఆక్సిజన్ లేక, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే అది బురదలోకి దిగుతుంది. నేటి నల్ల సముద్రంలో సుమారు 150 మీటర్ల కింద ఆక్సిజన్ ఉండదు. అక్కడి బురదలో మాలిబ్డినం మామూలు షేల్‌లో (పొరలుగా చీలే మడ్‌స్టోన్‌లో) కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

రాయి నల్లగా ఉంటే అది లోతైన, ఆక్సిజన్ లేని సముద్రంలో ఏర్పడినట్టే అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. నలుపు ఎక్కువగా కార్బన్‌ది. లోతులేని నీటిలో కూడా జీవావశేషాలు త్వరగా పూడిపోతే రాయి నల్లబడుతుంది. అందుకే రంగును కాక మాలిబ్డినాన్నీ, దానిలాగే బురదలోకి దిగే యురేనియం, వెనేడియంలనూ, మట్టితో వచ్చే అల్యూమినియంతో పోల్చి చూస్తారు. లేదంటే మట్టితోనే వచ్చిన వాటా, నీటి నుంచి దిగిన వాటా వేరు కావు.