బొల్లారం బగ్గీలు, మా ముత్తాత సైసు పని

నిజాం కాలంలో హైదరాబాద్‌లో ఉన్న తెల్లవాళ్లు ఎలా బతికేవారు, వాళ్ల గుర్రపు బగ్గీల సంగతేంటి అని అడిగారు. మా ముత్తాత బొల్లారంలో ఒక తెల్ల అధికారి దగ్గర సైసుగా, అంటే గుర్రాలను చూసుకునేవాడిగా చేశాడు. ఆయన చెప్పినవి మా తాత నోట ఎన్నోసార్లు విన్నాను.

కోఠిలో రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంట్ భవనం), 1806లో వెలిసిన సికింద్రాబాద్, ఆ పైన తిరుమలగిరి, బొల్లారం: తెల్లవాళ్ల లోకమంతా ఇదే. 1878లో సికింద్రాబాద్ క్లబ్ వచ్చింది. పోలో, డ్యాన్సులు, విందులు. 1896లో చర్చిల్ (తర్వాత బ్రిటన్ ప్రధాని అయినాయన) బెంగళూరు నుంచి పోలో ఆడటానికి వచ్చి, రెసిడెంట్ కూతురు పమేలా ప్లౌడెన్‌ను ఇక్కడే కలిశాడు. ఇద్దరం ఏనుగెక్కి నగరం చూడబోతున్నామని తల్లికి ఉత్తరం కూడా రాశాడు.

ఎండ తగ్గగానే బగ్గీ కట్టాలి. ఆ షికారును ‘హవా ఖానా’ అనేవారు, అంటే గాలి తినడం. దొరసాని తిరిగేది గంటసేపే. ఆ గంట కోసం సైసు చీకటితోనే లేవాలి. ఉలవలు ఉడకబెట్టి, చల్లార్చి గుర్రానికి పెట్టాలి, ఒళ్లంతా రుద్దాలి, కళ్ళెం, తోలు పట్టాలు తుడవాలి. గుర్రం తిన్నాకే తన తిండి. విందుల రాత్రులైతే మరీ కష్టం. లోపల బ్యాండు మోగుతుంటే బయట చలిలో గుర్రం పక్కనే కూర్చోవాలి. ‘గుర్రానికి దుప్పటి ఉండేది, నాకు ఉండేది కాదు’ అనేవాడట ముత్తాత. తెల్లవాళ్ల వైభవం గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ దుప్పటే గుర్తొస్తుంది.

బగ్గీలు చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లండి. బొల్లారంలో ఒకప్పటి రెసిడెంటు బంగళా ఇప్పటి రాష్ట్రపతి నిలయం. 2023 నుంచి ఏడాది పొడవునా జనాన్ని రానిస్తున్నారు. అక్కడ వంటిల్లు విడిగా ఉంటుంది. భోజనాల గదికి వంటలు సొరంగంలోంచి మోసుకెళ్లేవారు, తప్పకుండా చూడండి.

మా ఇంట్లో బగ్గీ దీపం ఒకటి మిగిలింది. కొవ్వొత్తి పెట్టే ఇత్తడి గొట్టం అడుగున స్ప్రింగు ఉంటుంది. కొవ్వొత్తి కరిగేకొద్దీ అది పైకి నెడుతుంది, మంట ఎప్పుడూ అద్దానికి నడిమిలోనే ఉంటుంది. అద్దం పగిలిపోయింది, స్ప్రింగు తుప్పు పట్టింది. వేలితో నొక్కితే మాత్రం ఇప్పటికీ పైకి లేస్తుంది.