మాటలు వచ్చేదాకా బడికి పంపకుండా ఆగాలా?

మీ బాబుకు నాలుగేళ్లు నిండాయనీ, ఆటిజం అని డాక్టరు తేల్చాక కూడా ఇంట్లో పెద్దవాళ్లు 'మాటలు వచ్చాకే బడిలో వేద్దాం' అంటున్నారనీ రాశారు. మా ఇంట్లో అయితే 'వాళ్ల తాత కూడా ఐదేళ్లకే నోరు విప్పాడు' అన్న మాట మీద ఒక ఏడాది గడిచిపోయింది. అందుకే ఆగవద్దని చెబుతున్నాను. మేము కర్నూలులోనే ఉంటాము. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, మూడో తరగతి. మాటలు ఆరో ఏట మొదలయ్యాయి కానీ, నాలుగు పదాలు దాటిన వాక్యం ఇప్పటికీ అరుదే.

మొదటి బడిలో చేర్చేటప్పుడు, చెబితే సీటు ఇవ్వరేమోనన్న భయంతో ఆటిజం సంగతి దాచాము. ప్రార్థన మైకు మోగగానే చెవులు మూసుకుని గేటు వైపు పరుగెత్తే పిల్లవాణ్ణి వాళ్లు మొండివాడనుకున్నారు. పదకొండో రోజున నా భార్యను పిలిపించి, పెంపకం గురించి నాలుగు మాటలు చెప్పి, పంపించేశారు. చెప్పకపోవడం మా తప్పు, అడగకపోవడం వాళ్ల తప్పు.

రెండోది మా వీధి చివర ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఈసారి చేర్చక ముందే హెచ్ఎం గారి చేతికి ఒక కాగితం ఇచ్చాము. గట్టి శబ్దాన్ని తట్టుకోలేడనీ, దాహమైతే సీసా తెచ్చి మీ చేతిలో పెడతాడనీ, గోల చేసేటప్పుడు పట్టుకోకుండా కాసేపు వదిలేస్తే తానే సర్దుకుంటాడనీ అందులో రాశాము. అక్కడ గంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాని మోతకు మొదటి వారమంతా బెంచీ కిందే ఉన్నాడు. తరువాత ఆయమ్మ, ఎవరూ నేర్పకుండానే, గంట కొట్టబోయే ముందు తరగతి గుమ్మంలో నిలబడి ఇనుప కడ్డీని వాడికి చూపించడం మొదలుపెట్టింది. కడ్డీ కనిపిస్తే చెవులు మూసుకునేవాడు, మోత ఆగాక చేతులు తీసేవాడు. దసరా సెలవుల తరువాత ఆ కడ్డీని తానే మోసుకెళ్లాడు. మా వాడిని అంతగా బెదరగొట్టింది శబ్దం ఒక్కటే కాదు, అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం కూడా అని మాకు అప్పుడు అర్థమైంది.

ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాము. పాత క్యాలెండరు అట్టకు ఉగ్గాని గిన్నె, బూట్లు, బడి గేటు, మా ఇంటి తలుపు ఫోటోలు వరుసగా తగిలించాము. ఒక్కో పని కాగానే ఆ ఫోటోను వాడే తిప్పుతాడు. ఒకరోజు తలుపు ఫోటో ఊడి ఎక్కడో పడిపోతే, కొత్తది అతికించేదాకా గడప దాటలేదు. తిరిగి ఇంటికి వస్తానన్న హామీ వాడికి ఆ ఫోటోయే. ఒంటిపూట బడులు మొదలయ్యే ముందు వరుస మార్చి నాలుగు రోజులు చూపించకపోతే మళ్లీ మొదటికి వస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు ధ్రువీకరించిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పనిని వాయిదా వేయకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం మండలంలో నడిపే భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడ వాళ్లకు బోధించే ఐఈఆర్‌టీ టీచరును కలవండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులో కొంత దాని కింద వస్తుంది. తాయెత్తులకూ, ఆటిజాన్ని పూర్తిగా నయం చేస్తామనే మందులకూ మాత్రం ఒక్క రూపాయి పెట్టకండి.

బడి చూడడానికి ఇంటర్వెల్ వేళ వెళ్లండి. పిల్లల గోల ఎంత ఉంటుందో, టీచర్లు ఎక్కడ నిలబడతారో అప్పుడే తెలుస్తుంది. మరుగుదొడ్డికి మీ బాబును ఎవరు తీసుకెళ్తారో పేరుతో సహా అడగండి. మా వాడు ఆ అవసరం చెప్పలేక, మొదటి బడిలో ఉన్న ఆ పదకొండు రోజులూ తడిసిన నిక్కరుతోనే ఇంటికి వచ్చాడు.